బొడ్డుపల్లెను గొడ్డేరి... అది ఏ ‘ర’?

కరకట్ట కుర్రాడు, విజయవాడ: మా నాన్న లంకలో కౌలుకి కంద వేసేవారు. లెక్కలు చూసుకుని నష్టం తేలినప్పుడల్లా కళ్ళజోడు తీసి పక్కన పెట్టి “బొడ్డుపల్లెను గొడ్డేరి మోసపోతి” అనేవారు. వంటింట్లోంచి అమ్మ “ఎట్లు చెల్లింతు” అని అందుకునేది. నాకు ఆ ఒక్క ముక్కే వచ్చు. అది శ్రీనాథుడి చాటు పద్యం: బొడ్డుపల్లెని గుత్తకి తీసుకుని, పంట పోయి, ఏడు నూర్ల టంకాల (నాణేల) గుత్త కట్టలేక శిక్ష పడ్డప్పుడు చెప్పుకున్న సీసం. మొన్న మొత్తం దొరికింది గానీ ‘గొడ్డేరి’ దగ్గరే ఆగిపోయాను. గొడ్డు నేలని ఏరి కోరి తీసుకున్నాడనా? ఇంకోచోట బండి ఱ తో ‘గొడ్డేఱి’ అని ఉంది. ఏది సరి?

బ్రాడీపేట మాస్టారు: ఏరి కోరి ఎవడన్నా గొడ్డు నేల తీసుకుంటాడా నాయనా? అది బండి ఱ నే. ఏఱు అంటే నది, గొడ్డు + ఏఱు. పైపాదంలో కృష్ణవేణమ్మ వచ్చి ఫలమంతా పట్టుకుపోయిందని చెప్పనే చెప్పాడు కదా.

పాత బైండు: మాస్టారూ, క్షమించాలి. నది అయితే ‘గొడ్డేటి’ కావాలి, ‘గొడ్డేఱి’ ఎలా అవుతుంది? నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు అన్నది కూడా ఈయన పేరు మీదే కదా చెలామణీ అవుతోంది. నాగులేఱి నీళ్ళు అనలేదు.

బ్రాడీపేట మాస్టారు: అది పల్నాడు, ఇది డెల్టా. 🙂 సరే, ఏఱు ‘ఏటి’ అయ్యే ఔపవిభక్తికం సంగతి ఒప్పుకున్నాను. కానీ బండి ఱ ని మాత్రం వదలను. ‘గొడ్డేఱు’ అని ఒకటే క్రియ అనుకోండి, గొడ్డుపోవడం అన్నమాట. గొడ్డుపోయిన గేదె అనమూ? అలాగే పొలం గొడ్డేఱింది.

పాత బైండు: పొలం గొడ్డేఱి, మోసపోయింది మాత్రం కవా? కర్త మారిపోయాడే.

బ్రాడీపేట మాస్టారు: వానలు కురిసి చెరువు నిండింది అంటే కర్త మారలేదూ?

అరండల్‌పేట అమ్మాయి: మీరిద్దరూ ‘గ’ ని ఎందుకు అనుమానించట్లేదో నాకు అర్థం కావట్లేదు. ముందున్నది ‘పల్లెను’, చివరి ‘ను’ ద్రుతం. దాని తర్వాత క, త లాంటి పరుషం గ, ద లాంటి సరళమైపోతుంది. పై పాదంలో తిలలు కాస్తా ‘దిలలు పెసలు’ అయినట్టే, ఇక్కడ అసలు మాట ‘క’ తో మొదలై ఉండచ్చు. ‘కొడ్డేరి’. అప్పుడు మీ గొడ్డు, గేదె అన్నీ కొట్టుకుపోతాయి.

పాత బైండు: కొడ్డేరి అంటే?

అరండల్‌పేట అమ్మాయి: అది వెతకాల్సింది మీలాంటి పెద్దవాళ్ళు. నేను దారి చూపించానంతే.

తెనాలి పేసింజరు: ఛందస్సు ఏమన్నా చెబుతుందేమోనని గణాలు వేసి చూశా. సీసం కింద వచ్చే తేటగీతిలోది ఈ పాదం. బొడ్డు గలం, ‘పల్లెను’ భగణం, ‘గొడ్డేరి’ తగణం, ‘మోస’, ‘పోతి’ మళ్ళీ రెండు గలాలు. బొ-మో యతి బాగానే ఉంది. ర పెట్టినా ఱ పెట్టినా, చివరికి క పెట్టినా గణం కదలదు, పైగా తేటగీతికి ప్రాస నియమం లేదు. ఎవరికీ సాయం చెయ్యని పాదం.

లంక రైతు బిడ్డ: ఒక్క మాట. మా వైపు వరద తీశాక పొలంలో ఇసుక మేట వేస్తుంది. మోకాలి లోతు మేట వేస్తే ఆ ఏడు కాదు, ఆ పై ఏడు కూడా గొడ్డే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళినప్పుడు పసుపు, కంద, అరటి అన్నీ పోయాయి, కానీ కౌలు మాత్రం పోలేదు. ఏడు నూర్ల టంకాలు అన్నది చదివితే నాకు నిఘంటువు అక్కర్లేదు. గుత్త అంటే అంతే, పండినా ఎండినా కట్టాల్సిందే.

పాత బైండు: తమ్ముడు చెప్పింది బాగుంది. ఇంకోటి, కృష్ణ సరిహద్దు ఏరు. రెడ్ల చేతి నుంచి కొండవీడు పోయాక ఈ లోయ కొన్నాళ్ళు విజయనగరానిది, కొన్నాళ్ళు గజపతులది. 1515లో రాయలు కొండవీడు పట్టేదాకా ఈ పంచాయితీ తెగలేదు. ఇలాంటి చోట ఒక చిన్న పల్లె చరిత్ర అంటే ఏ ఏడు ఎవడికి పన్ను కట్టింది అన్నదే. ఆ లెక్కల్లోకి మన కవిసార్వభౌముడు శ్రీనాథుడు వెళ్ళి ఇరుక్కున్నాడు.

బెజవాడ బావగారు: ఇంతకీ బొడ్డుపల్లె మా కృష్ణా జిల్లాదేగా?

బ్రాడీపేట మాస్టారు: వచ్చారూ! 1859లో గుంటూరు, బందరు జిల్లాలు కలిపి కృష్ణా జిల్లా చేశారు, 1904లో గుంటూరుని మళ్ళీ విడదీశారు. పద్యం చెప్పేనాటికి రెండూ లేవు.

బెజవాడ బావగారు: ఏదైనా ఆ చాటువుల్ని ఊరూరా తిరిగి పోగేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మా పెదకళ్ళేపల్లి ఆయనే. అది చాలు మాకు.

అరండల్‌పేట అమ్మాయి: ఈ గొడవలో పద్యం ఎత్తుగడ ఎవరూ చూడట్లేదు. కవిరాజు కంఠాన్ని కౌగిలించింది పొగడదండ! పొగడపూల దండ పడాల్సిన మెడలో శిక్ష వేసే పొగడదండ. తర్వాత వెదురుగొడియ, అంటే వెదురు బేడీ, ముంజేతితో ‘వియ్యమందె’నట. బేడీలు వేస్తుంటే కూడా వియ్యాలవారి మర్యాదలు గుర్తొచ్చాయంటే, రాజసభలో దీనారటంకాల తీర్థమాడిన, అంటే బంగారు నాణేలతో స్నానం చేయించుకున్న మనిషికే చెల్లింది.

తెనాలి పేసింజరు: అదే చేత్తో ‘గొడ్డేరి’లో కూడా ఏదో శ్లేష పెట్టి ఉంటాడని నా అనుమానం. నాగలిని కూడా ఏరు అంటారు, ఏరువాకలో ఉన్నది అదే. గొడ్డు ఏరు, అంటే ఫలించని దుక్కి.

బ్రాడీపేట మాస్టారు: అయ్యయ్యో, మూడో ‘ఏరు’ కూడా దిగిందీ!

కరకట్ట కుర్రాడు, విజయవాడ: మాస్టారూ, ఇవాళ బీరువాలో నాన్న లెక్కల పుస్తకం దొరికింది. కంద విత్తనం, కూలి, పడవ కిరాయి వరసగా రాసి, కింద అడ్డగీత గీసి, ఈ పాదం ఆయన చేత్తోనే రాసి ఉంది. మామూలు ర తో.

పాత బైండు: నాన్నగారు ఇంకెక్కడైనా బండి ఱ వాడారేమో చూడు బాబూ. వాడే అలవాటు ఉండి ఇక్కడ వాడలేదంటే అదొక సాక్ష్యం.

కరకట్ట కుర్రాడు, విజయవాడ: చూశానండీ. ‘ఏరు పొంగింది’ అని రెండు చోట్ల ఉంది, రెండూ మామూలు ర నే.

లంక రైతు బిడ్డ: పడవ కిరాయి ఎంత రాశారు అన్నా?

అరండల్‌పేట అమ్మాయి: అన్నట్టు పద్యంలో తిలలు, పెసలు తినిపోయిన ఈ బిలబిలాక్షులు ఏ పిట్టలు? మా అమ్మమ్మ గువ్వలు అనేది, నేను ఒప్పుకోను.