అప్‌డేట్: పచ్చళ్ల షాపుకి రివార్డ్ పాయింట్లు పెట్టేశాం

బెంగళూరు మారతహళ్లి నుంచి పచ్చళ్లు, పొడులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం, పాయింట్లు పెట్టాలా లేక ఊరికే డిస్కౌంట్ ఇస్తే సరిపోతుందా అని అడిగా కదా, పెట్టేశాం అండి. 100 రూపాయలకి 5 పాయింట్లు, పాయింటుకి రూపాయి, 50 చేరితేనే వాడుకోవాలి. మజా అంతా ఆ 50 దగ్గరే ఉంది, 42 దగ్గర ఆగినవాళ్లు ఇంకో కందిపొడి, ఇంకో కరివేపాకు పొడి కార్టులో వేసేస్తున్నారు, అదే డిస్కౌంట్ అయితే తీసుకుని పోయేవాళ్లు మళ్లీ కనపడేవాళ్లు కాదు.

ఆర్డర్‌కి ఇన్ని అని ఇద్దామంటే మీలో ఒకరు స్టార్‌బక్స్ కాఫీ షాపుల సంగతి చెప్పారు, 2016లో అమెరికాలో విజిట్‌కి ఒక స్టార్ (అంటే వాళ్ల పాయింటు) పద్ధతి తీసేసి ఖర్చుని బట్టి ఇవ్వడం మొదలెట్టారని. కరెక్టే, లేకపోతే జనం ఒకే ఆర్డర్‌ని రెండు ముక్కలు చేస్తారు, మనవాళ్ల గురించి తెలుసుగా.

సీఏ గారు మాత్రం బాంబు వేశారు, వాడని పాయింట్లు మన లాభం కాదట, కస్టమర్‌కి బాకీ, లెక్కల్లో విడిగా చూపాలట. అందుకే మూడు నెలలకి ఎక్స్‌పైరీ పెట్టి వారం ముందు వాట్సాప్ చేస్తున్నాం, ఆ మెసేజ్‌కే ఆర్డర్లు బాగా పడుతున్నాయి.

ఎలాగూ కొనే పాతవాళ్లకి కూడా 5 శాతం పోతోంది, అదే ఇంకా మింగుడు పడట్లేదు. ఆవకాయ సీజన్ పక్కనపెట్టి చూస్తేనే అసలు లెక్క తేలేది, మే నెలలో పాయింట్లు లేకపోయినా కొంటారు. పుట్టినరోజు బోనస్ అయితే శుద్ధ దండగ, చాలామంది జనవరి 1 అని కొట్టారు.