జాతరలో మూలుగ దానం నాటకం: అవగాహనా, ఎగతాళా?

మూసీ ఒడ్డు: చెరువుగట్టు జాతరలో కాలేజీ పిల్లలు మూలుగ (ఎముక లోపలి గుజ్జు) దానం మీద నాటకం వేశారు. ఒకడు ఒంటినిండా బొక్కల బొమ్మలు కుట్టుకుని గంతులు, ఇంకొకడు సైకిల్ పంపు పట్టుకుని ఇదే సూది అని వాడి వెంట ఉరుకుడు. జనం ఒకటే నవ్వు. లుకేమియాతో (రక్త క్యాన్సర్) పిల్లలు పోతుంటే ఇదేం వేళాకోళం?

పాలమూరు పిల్లగాడు: నేనూ చూసిన. నవ్వొచ్చింది కాబట్టే ఆగారు అన్నా, మైకులో లెక్చర్ ఇస్తే బజ్జీల బండి దగ్గరికి పోయేవాళ్లు.

మర్రిగూడ మాస్టారు: ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన వాళ్ల మధ్య పెరిగాను, మాకు బొక్కలంటే నవ్వులాట కాదు. ఎముకలోంచి తీస్తారంటే వెన్నులో గుచ్చి మంచాన పడేస్తారనే ఇక్కడి భయం. పైగా పంపు చూపిస్తారా?

పాలమూరు పిల్లగాడు: ఆ పంపు అబద్ధమనే కదా చివర్లో అవతల పారేసింది! దాతగా పేరు రాయించుకోవడానికి బుగ్గ లోపల దూది పుల్ల తిప్పుతారు, అంతే. ఎవరికైనా హెచ్‌ఎల్‌ఏ (ఒంటి కణాల మీది గుర్తులు) కలిస్తే అప్పుడు కొన్ని రోజులు ఇంజెక్షన్లు, ఆ తర్వాత చేతి నరంలోంచి రక్తం మిషన్‌లోకి పోయి రక్తాన్ని పుట్టించే మూలకణాలు మాత్రం అందులో ఆగి మిగతాదంతా తిరిగి ఒంట్లోకే వస్తుంది, కొన్ని గంటల పని. ఒళ్లు నొప్పులు ఉంటాయి, లేవనను. కొందరికి తుంటి ఎముకలోంచి తీస్తారు, అదీ మత్తు ఇచ్చి. వెన్నుపూస జోలికి పోరు.

మర్రిగూడ మాస్టారు: పారేసింది వెనకున్న మాకు కనబడలేదు.

కోదాడ అక్క: పంపు గోల ఆపండయ్యా.

పాలమూరు పిల్లగాడు: ఏడుపు మొహం పెట్టుకుని చెప్తేనే మీకు సేవ లెక్క.

మూసీ ఒడ్డు: నాది ఏడుపు మొహమే తమ్ముడూ. మా అక్క కొడుక్కి లుకేమియా. తోడబుట్టినవాళ్లకు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే, వాడి చెల్లెకు కలవలేదు. దాతల పేర్లుండే రిజిస్ట్రీలో ఒకరు దొరికారని పండగ చేసుకున్నాం. వారం తిరిగేసరికి ఆయన ఇంట్లో ఒప్పుకోవట్లేదన్నారు. రోగికి కీమో ఇచ్చి సొంత మూలుగను చంపేశాక దాత వెనక్కి పోతే ప్రాణం మీదికొస్తుంది. మీ నాటకంలో ఈ ముక్క ఉందా?

పాలమూరు పిల్లగాడు: లేదు. అది చెప్తే జాతరలో ఎవడూ పేరివ్వడు.

మూసీ ఒడ్డు: ఇవ్వొద్దు. ఫోన్ ఎత్తేవాళ్లే ఇవ్వాలి.

కోదాడ అక్క: అట్లయితే నాటకంలో వద్దనే అమ్మ వేషం కూడా పెట్టాలి. జనం దానికే ఎక్కువ నవ్వుతారు చూడండి.

మర్రిగూడ మాస్టారు: నాకు 58. పేరివ్వచ్చా?

పాలమూరు పిల్లగాడు: వయసు దాటింది మాస్టారూ. మీ అబ్బాయిని పంపండి.

మర్రిగూడ మాస్టారు: వాళ్లమ్మను అడగాలి.