ఖుకురీకి ఏ పిడి మంచిది: పనావలా, లోపలి తోకా?

తుమ్మకంచె:
పొలం గట్టున సర్కారు తుమ్మ కొట్టడానికి నేపాల్ వంపు కత్తి ఖుకురీ తెప్పించుకుందామనుకుంటున్నాను. పిడులు రెండు రకాలు కనిపిస్తున్నాయి. పనావల్‌లో కత్తి ఉక్కే పిడి అంత వెడల్పుతో చివరిదాకా సాగుతుంది. రెండు వైపులా చెక్క బద్దలో, గేదె కొమ్ము బద్దలో పెట్టి రివిట్లు కొడతారు. రెండో రకంలో సన్నటి ఉక్కు తోక ఒకే ముక్క పిడిలోకి దూరిపోతుంది. పనావలే అసలు సంప్రదాయమనీ, రెండోది ఖర్చు తగ్గించుకోవడానికి పుట్టిందనీ ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?

పాతఇనుము:
కాదండీ, వరస తలకిందులైంది. 2003లో ఖాట్మండులోని లగన్ శిలెఖానా అనే పాత ఆయుధాగారం నుంచి బయటికొచ్చిన పాత సైనిక ఖుకురీలను చూడండి. వాటిలో 19వ శతాబ్దం నాటివి చాలా ఉన్నాయి. తోక పిడిలో సగం దాకానో, ఇంకొంచెం ఎక్కువో వెళ్లి ఆగుతుంది. పట్టి ఉంచేది లాహా అనే జిగురు. యుద్ధానికి చేసిన కత్తులవి, ఖర్చుకు వెనకాడి చేసినవి కావు. రివిట్ల పిడి సైన్యంలో పెద్ద ఎత్తున కనిపించేది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యం వాడిన మార్క్ 2 నమూనా ఖుకురీల్లో. పనావల్ మంచి పిడే. కానీ దాన్నే అసలుదని, మిగతాది నకిలీ అన్నట్టు మాట్లాడితే తరతరాలుగా ఈ కత్తులు చేస్తున్న కామి (నేపాలీ కమ్మరి) పనివాళ్లను అవమానించినట్టే.

కొలిమిపక్క:
చరిత్రలో పాతఇనుము గారితో నాకు పేచీ లేదు. కానీ అడిగినవారు కొట్టబోయేది సర్కారు తుమ్మ! పనావల్ ఎలా తయారవుతుందో చూస్తే నేను దాని పక్షం ఎందుకో తెలుస్తుంది. లారీ కమాను పట్టీ కాల్చి సాగదీసేటప్పుడే తోకను పిడి ఆకారానికి వెడల్పు చేస్తారు. మెడ దగ్గర ఇత్తడి లేదా ఉక్కు పొన్ను ఎక్కిస్తారు. బద్దలకు లాహా పూసి అతికించి, రంధ్రాలు వేసి, రివిట్లు కొట్టి, ఆ తర్వాత చెక్కనూ ఉక్కునూ కలిపి ఒకేసారి ఆకురాయితో నున్నగా తీస్తారు. బద్ద పగిలినా ఉక్కు చేతిలోనే ఉంటుంది. లోపలి తోక తుప్పు పట్టి సన్నబడితే బయటికి తెలియదు; ఒక దెబ్బకు కత్తి ఎగిరిపోతే పక్కన నిలబడ్డవాడి గతేమిటి?

పాతఇనుము:
ఆ భయం నిజమైనదే. అందుకే ఇప్పుడు చాలామంది తోకను పిడి చివరిదాకా పోనిచ్చి, అడుగున బిళ్ల మీద కొన సాగగొడుతున్నారు. ఇంకో మాట. కామి పనివాళ్లు కాల్చిన కత్తిని చల్లార్చి గట్టిపరిచేటప్పుడు కెటిల్‌తో నీళ్లు అంచు మీదే పోస్తారు. తోక మెత్తగానే ఉండిపోతుంది, వంగుతుందే తప్ప పుటుక్కున విరగదు. పైగా లోపలి తోక పిడి చెడితే వేడి చేసి లాహా కరిగించి కొత్తది తొడగవచ్చు. పనావల్‌కు రివిట్ల తలలు కోసి తీయాలి. కొండల్లో ఆ తేడా చాలా పెద్దది.

తుమ్మకంచె:
మా ఎండలకు ఏది తట్టుకుంటుంది? కొమ్ము అందంగా ఉంది మరి.

కొలిమిపక్క:
కొమ్ము వద్దు. ఎండకు ముడుచుకుంటుంది, ఉక్కు ముడుచుకోదు. పనావల్‌లో అంచు పైకి తేలి అరచేతిని కోస్తుంది. సిసౌ (శీషం) చెక్క తీసుకోండి. చెక్కా కొంత కదులుతుంది, కానీ అంత కాదు. కొనేటప్పుడు పొన్ను అంచున గీతంత సందు కూడా లేకుండా చూడండి, చెమట అక్కడే దిగుతుంది.

పాతఇనుము:
సిసౌ విషయంలో ఒప్పుకుంటాను. కానీ రోజంతా కొట్టేవారికి వెడల్పు తోక బరువు, మణికట్టుకు తగిలే అదురు చిన్న సంగతులు కావు. ఉక్కు నేరుగా అరచేతికి ఆనుతుంది, దెబ్బ మధ్యలో చెక్క లేకుండా చేతికి చేరుతుంది. ఒకే ముక్క పిడి అందులో కొంత మింగుతుంది. అందుకే నా ఓటు చివరిదాకా పోయే సన్న తోకకే.

తుమ్మకంచె:
నేను రోజంతా కొట్టను, పొద్దున ఓ గంట. పక్కన కూలీలు ఉంటారు కాబట్టి కత్తి ఊడిపోకపోవడమే నాకు ముఖ్యం. సిసౌ పిడితో పనావల్ చెబుతున్నాను. తోకను చివరకు వచ్చేసరికి పలచన చేయమని అడిగితే పాతఇనుము గారు చెప్పిన బరువు కొంత తగ్గుతుందా?

కొలిమిపక్క:
తగ్గుతుంది. బలం కావలసింది మెడ దగ్గర, చివర కాదు. తప్పకుండా అడగండి.