పిల్లలకు పరీక్ష పెట్టి శ్రేణులు వేసే రాజ్యం: నవలకు వివరాలు కావాలి

ప్రశ్న (చిత్తుప్రతి)

ఏడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ప్రజ్ఞా పరీక్ష పెట్టి మూడు శ్రేణులుగా విడదీసే దేశం మీద ఈ నవల. ఐక్యూ, అంటే ఆ పరీక్షలో వచ్చే ప్రజ్ఞాంకం, 70కి తగ్గితే మూడో శ్రేణి. ఆ శ్రేణి వాళ్లకు యుక్తవయసు రాగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ప్రస్తుతానికి తలకు తగిలిస్తే అంకె చెప్పే యంత్రం ఒకటి, దాని వెనక దుర్మార్గుడైన డాక్టరు ఒకడు ఉన్నారు. చదివితే ఎక్కడా నమ్మకం కుదరడం లేదు. అసలు పరీక్ష గదిలో ఏం జరుగుతుంది? అంకె ఎక్కడ తప్పుతుంది? యాభై ఏళ్లలో "మందబుద్ధి" అన్నది లేకుండా పోయినట్టు ముగింపు రాసి ఉంది, అది నిలుస్తుందా?

జవాబు (ప్రజ్ఞామాపనం)

యంత్రం తీసేయండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, గడియారం, కొన్ని బొమ్మల కార్డులు చాలు. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినె, థియోడోర్ సిమోన్ తయారుచేసిన పరీక్షకు పెద్ద సరంజామా ఏమీ లేదు. బడిలో వెనకబడ్డ పిల్లల్ని గుర్తించి వాళ్లకు తగిన చదువు చెప్పడం కోసం పుట్టిన పరీక్ష అది. పిల్లల్ని ఏరివేయడానికి వాడుకున్నది తర్వాతి వాళ్లు. మీ రాజ్యంలో కూడా పరీక్ష మొదట సాయంగానే మొదలైతే కథకు బలం వస్తుంది.

మీకు బాగా పనికొచ్చేది 1916లో లూయిస్ టెర్మన్ అమెరికాలో సవరించిన రూపం. దాని లెక్క పాఠకుడు కూడా వేసుకోగలడు. మూడేళ్ల నుంచి పదేళ్ల దాకా ఒక్కో వయసుకు ఆరు అంశాలు, ఒక్కో అంశం విలువ రెండు నెలలు. అన్నీ దాటిన వయసును పునాదిగా పట్టుకుని, పై వయసుల్లో దాటిన ప్రతి అంశానికీ రెండేసి నెలలు కలుపుకుంటూ, ఒక్కటి కూడా దాటలేని వయసు దగ్గర ఆపేస్తారు. వచ్చిన మానసిక వయసును అసలు వయసుతో భాగించి 100తో గుణిస్తే ఐక్యూ.

సరిగ్గా ఏడేళ్లు, అంటే 84 నెలల పాపను తీసుకోండి. నాలుగేళ్ల అంశాలన్నీ దాటింది: 48 నెలలు. ఐదేళ్లవాటిలో నాలుగు: 8 నెలలు. ఆరేళ్లవాటిలో ఒకటి: 2 నెలలు. మొత్తం 58. భాగిస్తే 69. మూడో శ్రేణి. ఇంకొక్క అంశం దాటి ఉంటే 60 నెలలు, అంటే 71. బయటపడేది. ఆ ఒక్క అంశం ఏమిటో మీరే ఎంచుకోండి. అంకెలు సెకనుకొకటి చొప్పున చదివి తిరిగి చెప్పమనడం కావచ్చు. చదివేవాడు కొంచెం తొందరపడితే చాలు. రెండు ముఖాల బొమ్మలు చూపించి "ఏది అందంగా ఉంది?" అని అడిగే అంశం కూడా బినె పరీక్షలో నిజంగానే ఉంది. ఆ దృశ్యం తప్పక రాయండి. పరీక్షించేవాడు తప్పనీ ఒప్పనీ చెప్పకూడదు. ప్రతి జవాబుకూ ఒకే గొంతుతో "సరే" అంటాడు, కాగితం మీద గీత పెట్టుకుంటాడు.

ఇక అంకె తప్పడం. నేటి పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 15. విశ్వసనీయత (మళ్లీ పెడితే అదే ఫలితం వచ్చే తీరు, పూర్తిగా వస్తే 1) 0.90 ఉన్న మంచి పరీక్షలో కూడా కొలతలో దొర్లే ప్రామాణిక దోషం 4.7 పాయింట్లు. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అటూ ఇటూ 9 పాయింట్లు వదిలేయాలి. లక్ష మంది పిల్లల్లో 70కి దిగువన ఉండేది సుమారు 2,275 మంది. అదే 65కీ 75కీ మధ్య ఉండేది సుమారు 3,800 మంది. గీత కింద ఉన్నవాళ్ల కంటే గీతను ఆనుకుని ఉన్నవాళ్లే ఎక్కువ. అంకెను కచ్చితమైనదిగా చూపించే రాజ్యం ఈ 3,800 మంది కాగితాలను ఎక్కడ దాస్తుందన్నదే మీ కథ అని నా అభిప్రాయం.

మరో సంగతి. 20వ శతాబ్దంలో చాలా దేశాల్లో సగటు మార్కులు పదేళ్లకు సుమారు 3 పాయింట్ల చొప్పున పెరుగుతూ వచ్చాయి. దీన్నే ఫ్లిన్ ప్రభావం అంటారు. అందుకే ఎప్పటికప్పుడు సగటును మళ్లీ 100కి దించి, జవాబులను ఐక్యూగా మార్చే పట్టికను సవరించాలి. ఇరవై ఏళ్ల పాత పట్టికతో కొలిస్తే సగటు 106 వస్తుంది, 70కి దిగువన లక్షకు 820 మందే కనిపిస్తారు. కొత్త పట్టిక వచ్చిన రోజున అది 2,275. పిల్లల్లో మార్పేమీ లేదు, మూడో శ్రేణి మాత్రం దాదాపు మూడింతలైంది. నవల మధ్యలో మలుపుకు ఇంతకంటే భయంకరమైనది కల్పించనక్కర్లేదు.

జవాబు (పాత దస్త్రాలు)

దుర్మార్గుడైన డాక్టరు వద్దు. చరిత్రలో ఈ పని ఫారాలతో, సంతకాలతో, అప్పీలు గడువులతో నడిచింది.

యూజెనిక్స్, అంటే ఎవరు పిల్లల్ని కనాలో నియంత్రించి మనుషుల జాతిని మెరుగుపరచవచ్చనే వాదం. ఆ మాట 1883లో ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ గాల్టన్ పెట్టింది. బలవంతపు ఆపరేషన్‌కు తొలి చట్టం 1907లో అమెరికాలోని ఇండియానాలో వచ్చింది. మీరు శ్రద్ధగా చదవాల్సింది అమెరికాలోనే మరో రాష్ట్రం, వర్జీనియా కథ. అక్కడ 1924లో చట్టం చేశారు, అది నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి మందబుద్ధి అని ముద్రవేసి ఒక సంస్థలో ఉంచిన క్యారీ బక్ అనే యువతి కేసును ఎంచుకున్నారు. ఆమె తరఫున వాదించిన లాయరు ఆమెను బంధించిన సంస్థ పాలకమండలిలో అంతకుముందు సభ్యుడే. 1927 మేలో సుప్రీంకోర్టు 8-1 తేడాతో చట్టాన్ని సమర్థించింది, అక్టోబరులో ఆపరేషన్ చేసేశారు. ఆమె పాప వివియన్‌ను ఏడెనిమిది నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు ఒకామె చూసి మామూలుగా లేదని సాక్ష్యం చెప్పింది. ఆ పాపే తర్వాత బడిలో మంచి మార్కులు వచ్చినవారి జాబితాకు ఎక్కింది, 1932లో ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. అమెరికా మొత్తం మీద ఇలా ఆపరేషన్లకు గురైనవాళ్లు 60,000కు పైనే.

జర్మనీలో 1933 జులైలో చట్టం, 1934 జనవరి నుంచి అమలు. ప్రత్యేక కోర్టుల్లో ముగ్గురు కూర్చునేవాళ్లు: ఒక జడ్జి, ఇద్దరు డాక్టర్లు. విచారణ తలుపులు మూసి జరిగేది. ప్రజ్ఞా పరీక్ష ఫారంలో బిస్మార్క్ ఎవరు, అమెరికాను కనిపెట్టిందెవరు లాంటి బడి ప్రశ్నలు. బడి మొహం చూడనివాడు ఏం రాస్తాడు? సుమారు 4 లక్షల మందికి ఆపరేషన్లు చేశారు.

చిత్తుప్రతి

జవాబిచ్చిన ఇద్దరికీ కృతజ్ఞతలు. డాక్టరునూ యంత్రాన్నీ కొట్టేశాను. యాభై ఏళ్ల ముగింపు సంగతి మిగిలింది.

జవాబు (జన్యులెక్క)

అది నిలవదు. రాజ్యం నమ్మిందే నిజమనుకుని చూద్దాం. లోపం ఒకే ఒక అంతర్గత జన్యువు (తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తేనే బయటపడేది) వల్ల వస్తుందనీ, 100 మందిలో ఒకరికి బయటపడుతుందనీ అనుకోండి. అలాంటప్పుడు జనాభాలో ఆ జన్యువు వాటా 0.1 (0.1 × 0.1 = 0.01, అంటే వందకు ఒకరు). బయటికి ఏమీ కనిపించకుండా మోస్తూ తిరిగేవాళ్లు 100కి 18 మంది. వాళ్లు పరీక్ష నెగ్గేస్తారు, పిల్లల్ని కంటారు.

బయటపడిన ప్రతివాణ్ణీ ఒక్కడు కూడా తప్పకుండా ఆపినా, 1/వాటా అనే సంఖ్య తరానికి 1 చొప్పునే పెరుగుతుంది. ఇప్పుడది 10. వెయ్యికి ఒకరు కావాలంటే 31.6 దాకా రావాలి, అంటే 22 తరాలు. పదివేలకు ఒకరు కావాలంటే 100 దాకా, 90 తరాలు. తరానికి 25 ఏళ్లు వేసుకుంటే మొదటిదానికే 550 ఏళ్లు. జన్యుశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పన్నెట్ 1917లోనే ఇలా లెక్కకట్టి చూపించాడు, అయినా చట్టాలు ఆగలేదు. నిజానికి తెలివితేటలు ఒక్క జన్యువు మీద ఆధారపడవు. వేలకొద్దీ జన్యువులు, తిండి, జబ్బులు, చదువు అన్నీ కలిసి పనిచేస్తాయి, కాబట్టి ఈ లెక్క కూడా రాజ్యం పక్షానే మొగ్గి ఉంది.

ముగింపు మార్చాలంటే గణాంకశాఖలో ఒక గుమస్తా చేత మొదటి ఏడాదే ఈ లెక్క వేయించండి. ఫైలు పైకి వెళ్లి, సంతకమై, తిరిగి వచ్చి అదే బీరువాలో యాభై ఏళ్లు ఉండనివ్వండి. మూడో శ్రేణి తగ్గిందని రాజ్యం చాటుకోవాలంటే జన్యువులు మారనక్కర్లేదు. పట్టిక సవరించడం మానేస్తే ఏటా అంకె దానంతటదే తగ్గుతుంది, ఇరవై ఏళ్లలో పైన చెప్పిన 2,275 నుంచి 820 దాకా.

జవాబు (ప్రజ్ఞామాపనం)

సరిగ్గా చెప్పారు, పట్టిక సవరించడం మానేసే ఉపాయం నాకు తట్టలేదు. మొదటి రెండు శ్రేణుల మధ్య గీత గురించి చిన్న మాట: ఇంగ్లండులో 1944 చట్టం తర్వాత పదకొండేళ్లకు పెట్టిన పరీక్షలో నెగ్గే మార్కు ప్రాంతాన్ని బట్టి మారేది, ఎందుకంటే గ్రామర్ స్కూలు (ఆ పరీక్ష నెగ్గినవాళ్లను చేర్చుకునే బడి) సీట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉండేవి. చాలా చోట్ల ఆడపిల్లలకు మార్కులు ఎక్కువ వస్తున్నాయని వాళ్లకు విడిగా, ఎత్తుగా గీత గీశారు. మీ నవలలో అక్కాతమ్ముళ్లు ఉంటే ఇద్దరికీ ఒకే మార్కు వేసి, వేర్వేరు కవర్లు పంపండి.