అయోడిన్ ఉప్పు వల్ల థైరాయిడ్ కేన్సర్ వస్తుందా? ఇంట్లో ఉప్పు మార్చేశాం, తెలిసినవాళ్లు చెప్పండి

సైదాబాద్ అక్క:
మా చెల్లికి థైరాయిడ్‌లో పాపిల్లరీ అనే రకం కేన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. వచ్చే నెల రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ వచ్చే అయోడిన్ మందు ఇస్తామన్నారు. దానికి ముందు రెండు వారాలు అయోడిన్ ఉప్పు, సముద్రపు చేపలు, పాలు, పెరుగు, పచ్చసొన, బేకరీ తిండి ముట్టుకోవద్దని ఒక కాగితం ఇచ్చారు. అది చదివిన దగ్గర్నుంచి అమ్మది ఒకటే మాట: "చూశావా, ఉప్పే చేసింది ఇదంతా. లేకపోతే డాక్టర్లు ఎందుకు మానమంటారు?" ఆ సాయంత్రమే ఉప్పు ప్యాకెట్లన్నీ బయట పడేసింది. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ సైంధవ లవణమే. పై పోర్షన్ వాళ్లు కూడా మార్చేశారు. ఉప్పల్‌లో ఉండే మా వదినకి నాలుగో నెల, అమ్మ చెప్పిందని ఆవిడా అదే తింటోంది. అమ్మకి ఏదో ఒకటి చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా. నిజంగా అయోడిన్ వల్ల ఈ జబ్బు వస్తుందా?

కూకట్‌పల్లి నాన్న:
మీ అమ్మగారి అనుమానాన్ని కొట్టిపారేయకండి. నా చిన్నప్పుడు మా ఇంట్లో జాడీ నిండా దొడ్డుప్పు ఉండేది. థైరాయిడ్ అనే మాటే ఎవరికీ తెలియదు. ఇవాళ మా అపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఆడవాళ్లు పొద్దున్నే పరగడుపున ఆ మాత్ర వేసుకుంటున్నారో. అయోడిన్ లేని ఉప్పుని తిండికి అమ్మకూడదని 2006 మే నుంచి దేశమంతా నిబంధన పెట్టారు. కొరియావాళ్లు సముద్రపు నాచుతో సూపు చేసుకుని తాగుతారు, అక్కడ ఈ కేన్సర్ విపరీతం. మన దేశంలో చూస్తే తిరువనంతపురం, కొల్లం లెక్కలు ఎక్కువ, చేపలు తినే తీరం అది. ఇన్ని ఒకే వైపు చూపిస్తుంటే అనుమానం రాదా? నా భార్యకి కూడా మెడలో చిన్న గడ్డ ఉంది. ఏడాదిగా స్కానింగ్‌ల చుట్టూ తిరుగుతున్నాం. ఆ టెన్షన్‌తోనే అడుగుతున్నాను.

పాత ల్యాబ్ మనిషి:
పాథాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అక్కా, ముందు ఆ కాగితం సంగతి. శరీరంలో అయోడిన్‌ని బాగా పీల్చుకునేవి థైరాయిడ్ కణాలు. ఆపరేషన్ తర్వాత అక్కడక్కడా మిగిలిన కణాలను చంపడానికే రేడియో అయోడిన్ ఇస్తారు. మామూలు అయోడిన్‌తో ఆ కణాల కడుపు ముందే నిండి ఉంటే మందు లోపలికి పోదు. అందుకని రెండు వారాలు వాటిని పస్తు పెడతారు. మందు బాగా పట్టడానికే ఆ పత్యం. ఉప్పు వల్ల జబ్బు వచ్చిందని దాని అర్థం కాదు. చికిత్స అయ్యాక మళ్లీ మామూలు ఉప్పే తినమంటారు.

ఇక కొరియా. అక్కడ 1999లో ప్రభుత్వం కేన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ వచ్చినవాళ్లకి ఇంకాస్త డబ్బు కడితే మెడకి అల్ట్రాసౌండ్ కూడా చేస్తామని ఆసుపత్రులు చెప్పాయి. 1993తో పోలిస్తే 2011కి కేసులు 15 రెట్లయ్యాయి. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా బయటపడ్డారు. చావులు మాత్రం పెరగలేదు, ఏటా మూడు నాలుగు వందల దగ్గరే ఉన్నాయి. నాచు సూపు తాతల కాలం నుంచీ తాగుతున్నదే కదా, పద్దెనిమిదేళ్లలో 15 రెట్లు పెంచుతుందా? 2014లో అక్కడి డాక్టర్లే ఈ స్కానింగ్ ఆపండని గొంతెత్తారు. ఆ తర్వాత ఆపరేషన్లు దాదాపు మూడో వంతు తగ్గాయి. సూపు తాగడం ఎవరూ మానలేదు.

ఇంకొకటి. ఫిన్లాండ్‌లో 1985లో 101 శవపరీక్షల్లో థైరాయిడ్‌ని సన్నగా కోసి చూస్తే, 36 శాతం మందిలో చిన్న చిన్న పాపిల్లరీ కేన్సర్లు కనిపించాయి. అవి ఉన్నట్టు బతికున్నప్పుడు వాళ్లకే తెలియదు. వెతికేకొద్దీ దొరికే జబ్బు ఇది. కేరళలో కూడా పరీక్షలు ఎక్కువ చేయించుకుంటారు, చేపల మీదికి పోయే ముందు అది చూడాలి.

కూకట్‌పల్లి నాన్న:
కొరియా విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నాను, చావుల సంగతి నేను చూడలేదు. కానీ జపాన్ మాటేమిటి? 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, దాదాపు రోజూ నాచు తినే ఆడవాళ్లలో, ముఖ్యంగా ముట్లుడిగినవాళ్లలో పాపిల్లరీ కేన్సర్ ఎక్కువని తేలింది. చైనాలో 2006లో వచ్చిన పరిశోధన, అయోడిన్ మరీ ఎక్కువున్న ఊళ్లలో థైరాయిడ్ మందగించడం ఎక్కువని చెప్పింది. మరి ఎక్కువైతే చెరుపే కదా?

పాత ల్యాబ్ మనిషి:
మీరు చెప్పిన రెండూ నిజమే. అందుకే అయోడిన్‌కి అసలు సంబంధమే లేదని నేను అనను. కానీ చైనా పరిశోధన చెప్పింది థైరాయిడ్ మందగించడం, దాని వాపు గురించి. మీ అపార్ట్‌మెంట్‌లో వేసుకునే మాత్రలు కూడా మందగించినందుకే, కేన్సర్‌కి కాదు. ఆ రెండింటినీ ఒకే మూటలో కట్టకండి.

కేన్సర్ వరకు వస్తే, అయోడిన్ తక్కువైన చోట ఫాలిక్యులర్, అనాప్లాస్టిక్ రకాలు ఎక్కువ. అనాప్లాస్టిక్ వస్తే చాలామంది ఏడాది కూడా బతకరు. అయోడిన్ సరిపడా అందిన చోట ఆ రకాలు తగ్గి పాపిల్లరీ వాటా పెరుగుతుంది. అది చాలావరకు నయమయ్యేదే. తక్కువైతే ఎందుకు చెడు? అయోడిన్ చాలకపోతే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి నుంచి టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. అది థైరాయిడ్‌ని పెరుగు, పెరుగు అని తరుముతూనే ఉంటుంది. గాయిటర్, అంటే మెడ దగ్గర థైరాయిడ్ ఉబ్బడం, వచ్చేది అలాగే. 1986లో చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత కూడా, అయోడిన్ కొరత ఉన్న ప్రాంతాల పిల్లలకే ముప్పు ఎక్కువైంది. ఆకలి మీదున్న గ్రంథి గాలిలో, పాలలో వచ్చిన విషపు అయోడిన్‌ని ఆబగా లాక్కుంది. ఇన్ని చూశాక, నాకైతే ఎక్కువ కన్నా తక్కువే భయం.

వంటిల్లు:
నాకు లెక్క తప్ప ఏదీ ఎక్కదు, అందుకని లెక్కే రాస్తున్నాను. మనం కొనే ఉప్పులో గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలని నియమం. రోజుకి పది గ్రాములు తిన్నా 150. పెద్దవాళ్లకి కావలసింది సరిగ్గా 150. అమెరికా వాళ్లు పెట్టుకున్న గరిష్ఠ పరిమితి రోజుకి 1100 మైక్రోగ్రాములు. ఉప్పుతోనే అక్కడికి చేరాలంటే రోజుకి 70 గ్రాములు దాటాలి. ప్యాకెట్‌లో దీనికి రెట్టింపు ఉందనుకున్నా 36 గ్రాములు. ఎవరివల్ల అవుతుంది? ఎండు నాచులో రకాన్ని బట్టి గ్రాముకే పదుల నుంచి వేల మైక్రోగ్రాముల దాకా ఉంటాయి. నాన్నగారూ, జపాన్ పళ్లేన్ని మన పప్పుచారుతో పోల్చలేం.

రామంతాపూర్ టీచర్:
ఇంతమంది రాశారు, అసలు తొందర పడాల్సిన మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కా, మీ వదినకి ఇవాళే ఫోన్ చేయండి. కడుపుతో ఉన్నవాళ్లకి రోజుకి 250 మైక్రోగ్రాములు కావాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదగడానికి తల్లి థైరాయిడే ఆధారం. అయోడిన్ కలపని సైంధవ లవణంలో అది దాదాపు ఉండదు. ఒక పూటతో ఏమీ కాదు, కానీ నెలల తరబడి వద్దు.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి పునాది వేసిన రాబర్ట్ మెక్‌కారిసన్, గిల్గిట్‌లో గాయిటర్ మీద పరిశోధన చేసినాయన. 1918లో కూనూర్‌లో చిన్నగా మొదలై, తర్వాత హైదరాబాద్ వచ్చింది ఆ సంస్థ. ఐరన్, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పు తయారు చేసింది కూడా వాళ్లే. 1950ల్లో మొదలుపెట్టి, హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ రామలింగస్వామి గారి బృందం ఉప్పులో అయోడిన్ కలిపి ఇచ్చి, పిల్లల్లో గాయిటర్ తగ్గడం కళ్లారా చూసింది. 1962లో ప్రభుత్వ కార్యక్రమం మొదలవడానికి దారి వేసింది ఆ పనే. అక్కడి లోయల్లో అయోడిన్ చాలక పుట్టుకతోనే మందబుద్ధి, చెవుడు, మూగతనంతో ఎంతమంది పిల్లలు పెరిగారో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నాకు గొంతు పూడుకుపోతుంది. ఆ ఉప్పుని భయంతో పారబోస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

కూకట్‌పల్లి నాన్న:
నా భార్య గడ్డ ఇప్పుడు ఏడు మిల్లీమీటర్లే. వెంటనే సూది పరీక్ష చేయించాలా, ఆగాలా అన్నది డాక్టర్‌ని మళ్లీ అడుగుతాను. ఉప్పు మాత్రం మార్చను.

సైదాబాద్ అక్క:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి అమ్మని కూర్చోబెట్టి ఆ "కణాలని పస్తు పెట్టడం" మాట చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే పిల్లకి ఇన్నాళ్లూ నేను వండిపెట్టిందాని వల్ల కాదా?" అని అడిగింది. ఆమె భయం ఉప్పు గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది. కాదమ్మా అన్నాను. ఏడ్చేసింది.

వదిన ఇవాళ్టి నుంచి మళ్లీ అయోడిన్ ఉప్పే. మా వంటింట్లో రెండు డబ్బాలు పెట్టాం, చెల్లి డబ్బా మీద దాని పేరు రాసి చికిత్స తేదీ అంటించాను. రేడియో అయోడిన్ ఇచ్చాక కొన్నాళ్లు కడుపుతో ఉన్నవాళ్లకి, చిన్న పిల్లలకి దూరంగా ఉండాలట. అందుకని చెల్లి ఇంటికొచ్చాక వదిన ఉప్పల్‌లోనే ఉంటుంది, పై పోర్షన్ వాళ్ల పాప మా ఇంటికి రాదు. వాళ్లతో ఈ సాయంత్రం మాట్లాడతాను, ఉప్పు సంగతి కూడా.