పిక్క పట్టేసిందనుకున్నా, తీరా చూస్తే రక్తం గడ్డ: మీకెలా మొదలైంది?

రెండోషిఫ్ట్:
అందరికీ నమస్కారం. ఆ మధ్య మెట్ల మీద కాలు మడతపడి చీలమండ ఎముక చిట్లింది. మోకాలి కింది వరకు పిండికట్టు వేసి, కాలు కింద మోపొద్దన్నారు. మూడో వారంలో పిక్కలో సలుపు మొదలైంది. కట్టు బిగుసుకుందేమోలే అని ఊరుకున్నా. నాలుగో వారంలో కట్టు తీసి, విప్పి పెట్టుకునే బూటు ఇచ్చారు. సలుపు మాత్రం పోలేదు. మా ఆవిడ నూనె రాసి మర్దనా చేద్దామని కూర్చుంది. ఒక్క చెయ్యి వేసేసరికి కెవ్వుమన్నాను. అప్పుడు తనే రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి చూసి, "కట్టులో ఉన్న కాలు సన్నబడాలి కదా, ఇది లావెక్కిందేంటి?" అంది. టేపు పెట్టి కొలిస్తే ఎడమ పిక్క 36 సెంటీమీటర్లు, కుడిది 39న్నర. చెయ్యి పెడితే వెచ్చగా కూడా ఉంది.

ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాం. డాప్లర్ స్కాన్ చేసినతను యంత్రంతో నొక్కుతూ పోతుంటే సిరలు చదునుగా అణిగిపోతున్నాయి. మోకాలి వెనక ఒకచోట మాత్రం ఎంత నొక్కినా అణగలేదు. అదే గడ్డ. ఇప్పటికి మందు మొదలుపెట్టి 9 రోజులు. వయసు 38, సిగరెట్ లేదు, బీపీ లేదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీలో ఎవరికైనా ఇలా వచ్చిందా? ఎలా మొదలైంది?

చిన్నక్క:
నాకు అసలు కాలు నొప్పే లేదండీ, అదే విచిత్రం. సిజేరియన్ అయిన 11వ రోజు. మంచం మీంచి లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చేసరికి మేడ ఎక్కినంత ఆయాసం. అందరూ "రక్తం తక్కువగా ఉండి ఉంటుంది, పడుకో" అన్నారు. పడుకుంటే గుండె దడదడ. గట్టిగా ఊపిరి పీలిస్తే కుడి పక్కన డొక్కలో కత్తి గుచ్చినట్టు పోటు. ఆ పోటు వల్లే మావారు భయపడి తీసుకెళ్లారు. సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు. కాన్పు తర్వాత 6 వారాలు ఈ ప్రమాదం బాగా ఎక్కువని నాకు అప్పుడు తెలిసింది, అంతకు ముందు ఒక్కరూ చెప్పలేదు.

టెన్నిస్ సెరెనా విలియమ్స్‌కి కూడా 2017లో సిజేరియన్ అయిన మర్నాడే ఊపిరి అందలేదు. ఆమెకు 2011లో ఒకసారి గడ్డలు వచ్చిన అనుభవం ఉంది కాబట్టి సీటీ స్కాన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ మందు కావాలని తనే అడిగింది. ముందు కాళ్లకి స్కాన్ చేశారట, ఏమీ కనబడలేదు. తర్వాత సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో ఉన్నాయి. అంత పేరున్న మనిషే గట్టిగా అడగాల్సి వచ్చింది.

పాతబ్యాగు:
ఎందుకింత హడావిడి? నేను పదేళ్లుగా రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటున్నా. రక్తం పల్చగా ఉంటే గడ్డ ఎందుకు కడుతుంది? అందరూ అదే వేసుకుంటే సరి.

వార్డుడ్యూటీ:
పాతబ్యాగు గారూ, దయచేసి ఇలా సలహా ఇవ్వకండి. ఆర్థోపెడిక్ వార్డులో 14 ఏళ్లుగా నర్సుగా ఉన్నాను, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నా. ఆస్పిరిన్ ముఖ్యంగా ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుంది, గుండెపోటు తెచ్చే ధమనుల గడ్డల్లో వాటి పాత్ర పెద్దది. కాలి సిరల్లో కట్టే గడ్డ వేరు. అక్కడ రక్తం మెల్లగా కదులుతుంది, ఫైబ్రిన్ అనే పోగుల వలలో ఎర్రకణాలు చిక్కుకుంటాయి. కొన్ని ఆపరేషన్ల తర్వాత డాక్టర్లు ఆస్పిరిన్ రాసే మాట నిజమే, కానీ అది వాళ్లు మనిషిని చూసి తేల్చుకునేది. ఎవరికి వారు వేసుకుంటే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది.

రెండోషిఫ్ట్ గారూ, "నాకే ఎందుకు" అన్నదానికి జర్మనీ డాక్టరు రుడాల్ఫ్ విర్కో పేరు మీద మూడు కారణాలు చెబుతారు: రక్తం కదలక నిలిచిపోవడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. మీకు మూడూ ఎంతో కొంత ఉన్నాయి. పిక్క కండ బిగిసి వదిలినప్పుడల్లా రక్తాన్ని పైకి తోస్తుంది. కట్టులో ఆ పంపు ఆగిపోయింది. పైగా ఎముక విరిగింది, గాయం ఉంటే గడ్డకట్టే వ్యవస్థ ఎలాగూ మేల్కొంటుంది.

ఇంకో మాట. మీ ఆవిడ మర్దనా ఆపడం మంచిదైంది. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే రుద్దొద్దు, ముందు చూపించుకోవాలి. టేపు కొలత కూడా ఉత్తుత్తి పని కాదు. మోకాలి ముందు కింద తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు కిందికి కొలిచి, రెండు కాళ్లకీ 3 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే, గడ్డ ఉందన్న అనుమానం ఎంతో లెక్కగట్టే పట్టికలో డాక్టర్లు ఒక పాయింటు వేస్తారు. అలాగని తేడా లేకపోతే గడ్డ లేదని కాదు.

రెండోషిఫ్ట్:
చాలా థాంక్స్ అండీ. మరి మందు వేసుకుంటే గడ్డ ఎన్నాళ్లకు కరుగుతుంది? మొదటి వారం రోజుకు రెండుసార్లు 10 మిల్లీగ్రాముల అపిక్సబాన్ ఇచ్చి ఇప్పుడు 5కి తగ్గించారు. తగ్గించారంటే అప్పుడే కరిగిపోయిందా?

వార్డుడ్యూటీ:
లేదు. ఆ మందు గడ్డను కరిగించదు. ఉన్నది పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుంది. కరిగించే పని మీ ఒళ్లే మెల్లగా చేసుకుంటుంది. మొదటి 7 రోజులు ఎక్కువ డోసు, తర్వాత తక్కువ అన్నది ఆ మందు పద్ధతే. మామూలుగా కనీసం 3 నెలలు వాడమంటారు. అది ఒంట్లోంచి త్వరగా పోయే మందు, రెండు మూడు డోసులు మర్చిపోతే కాపలా లేనట్టే. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

గాలిపటం:
నాది వేరే కథ. 29 ఏళ్లకి మొదటి గడ్డ, 31కి రెండోది. అప్పుడు టెస్టులు చేస్తే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని తేలింది, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే రక్తం గడ్డకట్టేలా చేసే జబ్బు. నాకు అపిక్సబాన్ లాంటి కొత్త మందులు సరిపడవని పాత మందు వార్ఫరిన్ మీదే ఉంచారు. రక్తం గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చూపే ఐఎన్ఆర్ అంకె 2కీ 3కీ మధ్య ఉండాలి. ఆకుకూరలు మానేయమని కొందరు చెబుతారు, అది తప్పు. మానక్కర్లేదు, తినేది వారం వారం ఒకేలా ఉండాలి. నేను ఒకసారి డైటింగ్ అని ఉన్నట్టుండి మూడు పూటలా ఆకులే తిన్నా, ఐఎన్ఆర్ 1.4కి పడిపోయింది. ఇంకోసారి నడుం నొప్పికి ఎవరో ఇచ్చిన డైక్లోఫెనాక్ రెండు రోజులు వేసుకున్నా. ముక్కులోంచి రక్తం కారడం మొదలై రెండు గంటలకి గానీ ఆగలేదు. రక్తం పల్చబడే మందు ఏది వాడుతున్నా నొప్పి బిళ్లల జోలికి అడక్కుండా వెళ్లకండి.

పుస్తకాలపురుగు:
వార్ఫరిన్ అన్నారు కాబట్టి చిన్న ముచ్చట. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు చిన్న గాయానికే రక్తం కారి చనిపోయేవి. కారణం బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ బృందం అందులోని పదార్థాన్ని పట్టుకుంది. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకి అనుమతి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కి ఇచ్చారు.

ఇంకోటి. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రంతా షెల్టర్లలో కుర్చీల్లోనే పడుకునేవాళ్లు. కాన్వాస్ మడత కుర్చీల ముందు కర్ర తొడల కింద నొక్కుకునేది. బాంబు తగలకుండానే కొందరు ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి చనిపోవడం డాక్టరు కీత్ సింప్సన్ గమనించి రాశాడు. 2004లో జపాన్‌లో నీగతా భూకంపం తర్వాత కార్లలో రాత్రుళ్లు గడిపినవాళ్లలోనూ ఇదే కనబడింది. విమానం మీదే నింద వేస్తాం గానీ అసలు దోషి కుర్చీ.

కోడ్‌రాత:
అమ్మో, నేను రోజుకు 12 గంటలు ఆ కుర్చీలోనే. గంటకోసారి లేవమని వాచీ మోగుతుంది, నేను దాన్ని నొక్కి ఆపేస్తా.

నా తప్పు ఒకటి చెబుతా. జ్వరం తగ్గాక భయంతో సొంతంగా డీ-డైమర్ అని, రక్తంలో గడ్డల ఆనవాలు వెతికే టెస్టు చేయించుకున్నా. ఎక్కువ వచ్చింది. రెండు రాత్రులు నిద్ర లేదు. డాక్టరు నవ్వి, ఇన్ఫెక్షన్, గర్భం, ఆపరేషన్, చివరికి వయసు పెరిగినా అది పెరుగుతుందన్నారు. అనుమానం తక్కువగా ఉన్నవాళ్లలో అది మామూలుగా వస్తే గడ్డ లేదని చెప్పొచ్చట. ఎక్కువ వచ్చినంత మాత్రాన ఉన్నట్టు కాదు.

మేడమెట్లు:
మా అమ్మకి తుంటి మార్పిడి అయినప్పుడు ఇంటికి పంపుతూ గడ్డ కట్టకుండా పొట్టలో చేసుకునే ఎనాక్సపారిన్ సూదులు ఇచ్చారు, మొత్తం 5 వారాలు. మొదటి రోజు నా చెయ్యి వణికింది. బొడ్డుకి దూరంగా పక్కన చర్మం మడత పట్టుకుని, సూది నిటారుగా లోపలికి పోవాలి. మడత చివరిదాకా వదలకూడదు. ముందే నింపిన సూదిలో గాలి బుడగ కనిపిస్తుంది, దాన్ని బయటికి తోసెయ్యకూడదట. నేను మొదటిసారి తోస్తే కొంచెం మందు కూడా పోయింది. అయ్యాక రుద్దొద్దు, రుద్దితే నల్లగా కమిలిపోతుంది. రోజూ పక్క మార్చేదాన్ని, ఎడమా కుడీ మర్చిపోకుండా క్యాలెండర్ మీద రాసుకున్నా.

కానీ నేను చెప్పాలనుకున్నది వేరు. అమ్మకి ఇచ్చారు సరే, ఆ తర్వాత మా తమ్ముడు వేరే ఆపరేషన్‌కి చేరినప్పుడు ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. "గడ్డకట్టే రిస్కు చూశారా, మందు అవసరమా, ఎప్పటినుంచి నడిపిస్తారు?" అని నేనే అడిగా. అప్పుడు కాగితం తెచ్చి లెక్క వేశారు.

వార్డుడ్యూటీ:
మేడమెట్లు గారి ప్రశ్న అందరూ రాసి పెట్టుకోండి. ఆసుపత్రిలో ఉన్నప్పుడూ, ఇంటికొచ్చాక మూడు నెలల దాకానూ వచ్చే గడ్డలే చాలా ఎక్కువ. చేరేటప్పుడే చెప్పాల్సినవి: ఇంతకుముందు మీకు గానీ, అమ్మానాన్నలకీ తోబుట్టువులకీ గానీ గడ్డ వచ్చిందా, క్యాన్సర్ ఉందా, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా. పీరియడ్స్ వాయిదాకి వేసుకునే నోరెథిస్టెరాన్ కూడా చెప్పండి. ఆ మోతాదులో అది ఒంట్లో కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది. మామూలు బిళ్లే కదా అని చాలామంది చెప్పరు.

రెండోషిఫ్ట్:
ఇంకో సందేహం. రెండు నెలల్లో 9 గంటల విమాన ప్రయాణం ఉంది. మానుకోవాలా?

వార్డుడ్యూటీ:
మీ డాక్టరే చెప్పాలి. మామూలు మనుషుల సంగతి చెబుతా. 4 గంటలు దాటిన ప్రయాణం ఏదైనా, విమానమైనా బస్సైనా, రిస్కు సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అయినా అది 6,000 మందిలో ఒకరికి. మీకు ఇప్పటికే ఒకసారి వచ్చింది కాబట్టి మీ లెక్క వేరు. కాలిని బిగించి పట్టే ప్రత్యేకమైన మేజోళ్లు వేసుకోమంటే కాలు కొలిపించుకుని కొనండి. పైన బిగుసుకుని మడత పడితే మేలు పోయి కీడు జరుగుతుంది.

ఈలోగా ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గితే రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం... వీటిలో ఏది వచ్చినా ఇక్కడ రాస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండోషిఫ్ట్:
ఆరు వారాల తర్వాత వచ్చా. ఆయాసం ఏమీ రాలేదు. పిక్క 37కి దిగింది, సాయంత్రానికి కొంచెం బరువుగా ఉంటుంది. నడవమన్నారు, నడుస్తున్నా. ప్రయాణం డాక్టరు ఒప్పుకున్నారు, మందు ఆపకుండా. మేడమెట్లు గారూ, బూటు ఇచ్చిన రోజు మీరడిగిన ప్రశ్న నేనూ అడిగి ఉంటే బాగుండేది. కోడ్‌రాత గారూ, ఆ వాచీ మోగినప్పుడు లేవండి.

టేపు మాత్రం మా ఆవిడ దాచేసింది. రోజుకు నాలుగుసార్లు కొలుస్తున్నానట. ఇప్పుడు ఆదివారం ఒక్కపూటే ఇస్తోంది.