పసుపు రంగుకు తిరిగిన సిక్లిడ్ చేప మిగతావాటిని బతకనివ్వట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (పాలకొల్లు): మూడడుగుల అక్వేరియంలో ఆరు కెన్యీ సిక్లిడ్‌లు ఉన్నాయండి. కొన్నప్పుడు అన్నీ నీలమే. ఇప్పుడొకటి పసుపుగా మారి అందరి మీదా పడుతోంది. ఒకదాని తోక చిరిగి హీటర్ వెనక నక్కింది. ఇంకోటి ఉబ్బిపోయి మేత ముట్టట్లేదు. రోజూ ఎండు రొయ్యల పొడే వేస్తున్నా, రాళ్లకు పట్టిన నాచు వారం వారం గీకేస్తున్నా. కొన్నాళ్లకు అవే సర్దుకుంటాయని షాపతను అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.

జవాబు (భీమవరం): సర్దుకోవండి. కెన్యీ పిల్లలన్నీ నీలమే, ఎదిగిన మగది పసుపుకు తిరుగుతుంది. వీటి సొంత చోటు, ఆఫ్రికాలోని మలావీ సరస్సులో అయితే ఓడిన చేప వేరే రాళ్ల సందుకు పారిపోతుంది. మీ అద్దాల మధ్య ఎక్కడికి పోతుంది? తోక చిరిగినదాన్ని ముందు వేరే తొట్టిలో పెట్టండి. ఇంతకీ ఉబ్బింది పొట్టా, దవడ కిందా?

ప్రశ్న అడిగినవారు: దవడ కిందేనండి. నోరు ఊరికే నములుతున్నట్టు ఆడిస్తోంది.

జవాబు (భీమవరం): అయితే జబ్బు కాదు, నోట్లో గుడ్లున్నాయి! వీటిలో ఆడది గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. మూడు వారాలదాకా తినదు, కదపకండి. రొయ్యల పొడి మాత్రం ఆపేయండి. ఇవి నాచు గీక్కుని తినేవి, పేగు పొడుగు. మాంసం మేత ఎక్కువైతే నిజంగానే పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా విసర్జన వచ్చి చస్తాయి. స్పిరులినా (ఒక రకం నాచు) మేత కొద్దికొద్దిగా వేయండి, ఉడికించిన పాలకూర అప్పుడప్పుడు చాలు.

పసుపు మగదాన్ని నాలుగు రోజులు బయటపెట్టి, రాళ్లన్నీ మార్చి పేర్చాక తిరిగి వదలండి. దాని పాత జాగా చెదిరిపోతుంది. రాళ్లు ఇసుక మీద కాకుండా అడుగున థర్మాకోల్ మీద నిలబెట్టండి, ఇవి ఇసుక తవ్వి గుట్ట కూల్చేస్తాయి. మన డెల్టాలో రాయెక్కడిది అంటారేమో, మెట్ట నుంచి రోడ్డు పనికి వచ్చే నల్లరాయి కడిగి వాడుకోవచ్చు. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలి. రెండోది పసుపెక్కితే వెంటనే తీసేయండి. అసలు కెన్యీకి నాలుగడుగుల తొట్టి ఉండాలి.

మరొకరు (అమలాపురం): నాచు తినడానికి సక్కర్ చేపను వేస్తే సరిపోదా?

జవాబు (భీమవరం): ఎందుకండీ, ఆ నాచు వీటి తిండే. ముందువైపు అద్దం ఒక్కటే తుడిచి రాళ్లు వదిలేయండి. నేనైతే మేడ మీద ఎండలో నీళ్ల టబ్బులో రాళ్లుంచి, పచ్చబడ్డాక లోపలివాటితో మారుస్తాను.

మరొకరు (రాజోలు): నీళ్ల సంగతి మర్చిపోయారు. మా వైపు బోరు ఉప్పగా ఉందని వాడేయకండి, సముద్రపు ఉప్పుదనం వేరు, మలావీ నీటి కాఠిన్యం (అందులో కరిగిన ఖనిజాలు) వేరు. పీహెచ్ 7.8 నుంచి 8.6 మధ్య ఉండాలి. రొయ్యల చెరువు నీళ్లు పరీక్షించే ఆక్వా ల్యాబుల్లోనే అమ్మోనియాతో సహా చూపించుకోవచ్చు. పీహెచ్ తక్కువైతే ఫిల్టర్‌లో కడిగిన ఆల్చిప్పల ముక్కలు వేయండి. వేసవిలో కాలవలు కట్టేశాక కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన ఎక్కువైతే డీక్లోరినేటర్ మానకండి.

ప్రశ్న అడిగినవారు: పసుపుదాన్ని షాపతను వెనక్కి తీసుకోకపోతే?

జవాబు (భీమవరం): నాలుగడుగుల తొట్టి ఉన్నవాళ్లకు ఇచ్చేయండి, కాలవలో మాత్రం వదలకండి. తిలాపియా కూడా ఇలాగే ఆఫ్రికా నుంచి వచ్చిందే, ఇప్పుడు ఏ గుంటలో వల వేసినా అదే పడుతోంది.